మూపురం మీద ఈగలు

2004 వేసవిలో మా అమ్మ మొదటిసారి ప్లేనో వచ్చింది. ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మలందరికీ మూడో వారానికల్లా పట్టుకునే బెంగే ఆవిడకీ పట్టుకుంది. వీధిలో మనిషి కనపడడు, పక్కింటివాళ్ళ పేరు తెలియదు, పిట్ట కూడా మొహమాటంగా కూస్తుంది. సాయంత్రం ఎండ తగ్గాక ఆవిణ్ణి నడకకు తీసుకెళ్ళేవాణ్ణి. మా ఇంటికి మైలు దూరంలో, ఒక పక్క ఆఫీసు భవనాలూ ఇంకో పక్క కొత్త ఇళ్ళ కాలనీ ఉన్నచోట, మధ్యలో ముళ్ళతీగ కంచె వేసిన పదిహేను ఎకరాల గడ్డినేల ఒకటి ఉండేది. అందులో ఓ డజను ఆవులు మేస్తూ ఉండేవి.

టెక్సస్‌లో ఉండేవాళ్ళకి ఈ దృశ్యం కొత్త కాదు. కోట్ల ఖరీదు చేసే నేలలో నాలుగు ఆవుల్ని నిలబెడితే ఆ నేలని వ్యవసాయభూమిగా లెక్కగట్టి పన్ను బాగా తగ్గిస్తారు. మా ఆఫీసులో వాటిని "టాక్సు ఆవులు" అని నవ్వుకునేవాళ్ళం. అమ్మకి ఆ లెక్కలేవీ తెలియవు. కంచె పట్టుకుని నిలబడిపోయింది.

"ఒరేయ్, అది మన గొడ్డురా!"

నిజమే. నల్లటి, ఎర్రటి ఆవుల మధ్య బూడిదరంగు ఆవు ఒకటి. మూపురం, వేలాడే గంగడోలు, బాదంకాయలాంటి కళ్ళు. అమ్మ నాలుక చప్పరించి పిలిచింది. అది తలెత్తి చూసింది కానీ కదల్లేదు. తెలుగు రాదు కదా!

"చెవికి ఆ పచ్చ బిళ్ళేమిటి? నెంబరా?"

"ఈగల మందమ్మా. ఆ బిళ్ళలోంచి మందు ఊరుతూ ఒంటికి అంటుకుంటుంది. ఈగలు చస్తాయి."

"ఈగలకి చెవిపోగా!" అని చాలాసేపు నవ్వింది. తర్వాత అడిగింది: "పాలెన్నిస్తుందిట?"

ఆ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేదు. "తెలీదమ్మా, పద, చీకటి పడుతోంది" అన్నాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసం నేను వెదుక్కున్న దారి. దారిపొడుగునా ఈగలే తగిలాయి.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. ఒంగోలుకి దగ్గర్లో, కరవదికి నాలుగు మైళ్ళ ఎడంలో మాది. నల్లరేగడి నేల. ప్లేనోలో మొదటి వానకి మా పెరటి మట్టి చెప్పులకి అంటుకుని పైకి లేస్తే నాకు నవ్వొచ్చింది. ఇదీ నల్లరేగడే! ఇక్కడివాళ్ళు బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. ఒకప్పుడు ఇక్కడా పత్తే పండేది. 1960లో ప్లేనో జనాభా నాలుగు వేలు కూడా లేదు. 2000 నాటికి రెండు లక్షల ఇరవై వేలు దాటింది. ఆ పాత ఊరు ఎలా ఉండేదో చూడాలంటే పదిహేనో వీధిలో ఉన్న హెరిటేజ్ ఫార్మ్‌స్టెడ్ మ్యూజియంకి వెళ్ళాలి. 1891లో కట్టిన రైతు ఇల్లు అది. మన పిల్లల్ని బడివాళ్ళు అక్కడికి తీసుకెళ్ళి "పూర్వం మనుషులు ఇలా బతికేవారు" అని చూపిస్తారు. నేను పదిహేడేళ్ళు వచ్చేవరకూ బతికింది దాదాపు అలాగే!

మా గొడ్లచావిట్లో రాముడు, లక్ష్మణుడు అని జత ఎడ్లుండేవి. పొద్దుగూకగానే చావిట్లో వేపాకు పొగ వేయడం, పిడుదులు ఏరడం పిల్లల పని. మా తాతకి మూడు రకాల ఈగలు తెలుసు. ఇంట్లో తిరిగేది, నెత్తురు తాగేది, పుండు మీద వాలేది. మొదటిదాన్ని విసుక్కునేవాడు, రెండోదాన్ని చేత్తో కొట్టేవాడు, మూడోదంటే భయపడేవాడు. నెత్తురు తాగే జోరీగ వేమన పద్యంలోకి కూడా ఎక్కింది. పుండు మీద వాలే ఈగకి మాత్రం మా ఊళ్ళో పేరు కూడా లేదు. "పురుగు పట్టింది" అనేవాళ్ళం, అంతే.

1978 వానాకాలంలో రాముడికి మెడ మీద కాడి రాసుకుని పుండు పడింది. తాత ఏదో పనిమీద గుంటూరు వెళ్తూ, సీతాఫలం ఆకు నూరి రెండుపూటలా కట్టమనీ, పొగ మానొద్దనీ నాకు చెప్పి వెళ్ళాడు. నాకు పదకొండేళ్ళు. మొదటిరోజు కట్టాను. రెండోరోజు ఒంగోల్లో సినిమాకి పోయాను. మూడోరోజు మర్చిపోయాను. తాత వచ్చి పుండు విప్పి చూసేసరికి లోపల పురుగు బుసబుస కదులుతోంది. పశువుల డాక్టరు వచ్చేసరికి ఇంకో రెండు రోజులు గడిచాయి. రాముడు లేవలేదు. తాత నన్ను ఒక్క మాట అనలేదు. లక్ష్మణుడు మాత్రం ఆ ఏడాదంతా ఖాళీ గాటివైపు చూస్తూ నిలబడేవాడు.

సరే, ఇప్పుడు టెక్సస్ కథకొద్దాం. ఆ బూడిదరంగు ఆవు ఇక్కడికి ఎలా వచ్చింది?

అమెరికా దక్షిణాదిన పశువుల పెంపకందార్లకి పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద తలనొప్పి పిడుదులతో వచ్చే టెక్సస్ జ్వరం. ఆ జ్వరాన్ని మోసుకొచ్చేది పిడుదేనని 1893లో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ నిరూపించారు. ఇంగ్లండు జాతి ఆవులు ఎండకీ, పిడుదులకీ, ఈగలకీ కుదేలైపోతుంటే, సర్కసుల ద్వారా, బహుమతుల ద్వారా అక్కడక్కడా వచ్చిన మూపురం పశువులు మాత్రం నిక్షేపంగా మేస్తున్నాయని కొందరు గమనించారు. గల్ఫు తీరంలో షాంఘై పియర్స్ అని పేరుపడ్డ పెద్ద పశువుల కామందు ఒకాయన ఉండేవాడు. ఆయన 1900లో పోయాక, పియర్స్ రాంచివాళ్ళు విక్టోరియా ఊరి టామ్ ఓకానర్‌తో కలిసి ఇండియానుంచి ఓడలో పశువుల్ని తెప్పించారు.

1906లో ఆ ఓడ న్యూయార్కు రేవు చేరాక పశువుల్ని ఒక చిన్న దీవిలో విడిగా ఉంచి పరీక్షించారు. కొన్నిటి నెత్తురులో సుర్రా రోగం బయటపడింది. ఆ రోగక్రిమిని 1880లో పంజాబులో గుర్రాల్లోనూ ఒంటెల్లోనూ కనిపెట్టినవాడు గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు. దాన్ని ఒక పశువునుంచి ఇంకోదానికి చేర్చేది నెత్తురు తాగే ఈగ, మన జోరీగ జాతి. ఒక్క ఈగ ఆ దీవి దాటి రేవులోకి ఎగిరితే అమెరికా గుర్రాలకీ పశువులకీ ఏం మూడేదో! రోగం ఉన్నవాటిని చంపేశారు. చివరికి ముప్ఫై గిత్తలూ మూడు ఆవులూ టెక్సస్ చేరాయి. తర్వాత 1920లలో బ్రెజిల్ మీదుగా మరికొన్ని వచ్చాయి. గుజరాతు కాంక్రేజ్, గిర్, మన ఒంగోలు, కృష్ణా లోయ జాతుల్ని కలగలిపి ఇక్కడివాళ్ళు ఒక కొత్త జాతిని తయారుచేసుకున్నారు. 1924లో హ్యూస్టన్‌లో సంఘం పెట్టుకుని దానికి పేరు పెట్టారు: బ్రాహ్మణ్!

అవును, మీరు చదివింది నిజమే. మాంసం కోసం పెంచే పశువుకి బ్రాహ్మణ్ అని పేరు. మా ఆఫీసులో ఒక శాస్త్రిగారు ఈ సంగతి విని రెండు రోజులు కాఫీ రూముకి రాలేదు. టెక్సస్ పల్లెల్లో దాన్ని "బ్రెమ్మర్" అంటారు కాబట్టి కొంత నయం. ఒంగోలు జాతిని మాత్రం ఇక్కడా బ్రెజిల్‌లోనూ నెల్లూరు అనే అంటారు. ఒకప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కదా, ఆ పేరే ఓడెక్కింది. 1960ల మొదట్లో బ్రెజిల్ వెళ్ళిన గిత్త ఒకటి మా పక్కూరి పేరుతోనే, కరవది అనే పేరుతోనే అక్కడ వంశకర్త అయింది. మా మండలంలో ఎవరికీ దక్కని కీర్తి!

ఇక ఈగల సంగతి. మూపురం పశువు ఒంటిమీద ఈగలు తక్కువ వాలతాయని ఇక్కడి పెంపకందార్లు మొదటినుంచీ చెబుతున్న మాట. పొట్టిగా నున్నగా ఉండే వెంట్రుకలు, వదులైన చర్మం, ఆ చర్మాన్ని అక్కడికక్కడే జలదరించగల కండరం. ఈగ వాలినచోట ఒంగోలు ఎద్దు చర్మం ఒక్కసారి వణికించడం మనందరం చూసిందే. పిల్లప్పుడు మేము వేలితో తాకి ఆడుకునేవాళ్ళం.

ఈ గుణం ఇక్కడ బాగా అక్కరకొచ్చింది. ఎందుకంటే 1887లో ఫిలడెల్ఫియాకి ఎదురుగా, న్యూజెర్సీ వైపున, యూరపునుంచి వచ్చిన కొత్త ఈగ ఒకటి కనిపించింది. హార్న్ ఫ్లై, అంటే కొమ్ముల ఈగ. పదేళ్ళలో దేశమంతా పాకింది. ఇంటి ఈగలో సగముంటుంది. రాత్రీ పగలూ పశువు మీదే కాపురం, రోజుకి ఇరవై ముప్ఫైసార్లు నెత్తురు తాగుతుంది. ఆడఈగ పశువుని వదిలేది ఒకే ఒక్క పనికి. పశువు పేడ వేయగానే దిగి, వేడి చల్లారకముందే గుడ్లు పెట్టి మళ్ళీ పైకెక్కుతుంది. ఎండాకాలంలో రెండు వారాలలోపే ఆ పేడలోంచి కొత్త ఈగలు లేస్తాయి.

ఆ గడ్డినేలలో ఆవుల యజమాని డెబ్భై ఏళ్ళ ముసలాయన. అమ్మ వెళ్ళాక ఒకరోజు కంచె దగ్గర పలకరిస్తే గంటసేపు ఈగల పాఠం చెప్పాడు. పొద్దున్నే ఎండ ముదరకముందు వచ్చి పశువు ఒక పక్కన ఈగల్ని లెక్కపెట్టి రెట్టింపు చేస్తాడట. రెండొందలు దాటేవరకూ మందు దండగ. దాటాక మేత మానేసి తోక విసురుకుంటూ, తల విదిలించుకుంటూ తిరుగుతాయి, పాలు తగ్గి దూడ బరువు తగ్గుతుంది. దూడ బరువంటే డాలర్లు. తన తండ్రి కాలంలో గోనెగుడ్డ చుట్టిన తాడుని మందు కలిపిన నూనెలో ముంచి రెండు గుంజల మధ్య వేలాడగట్టేవారట. పశువులు దాని కింద దూరి వీపు రుద్దుకునేవి. నీళ్ళ తొట్టి దారిలో మందుపొడి సంచీలు కట్టేవారు. 1938లో అమెరికా వ్యవసాయ శాఖలో బ్రూస్ అనే ఆయన అసలు మందే లేని పంజరం కనిపెట్టాడు. పశువు ఆ సందులోంచి నడుస్తుంటే గుడ్డ పరదాలు ఈగల్ని తుడిచేస్తాయి, అవి వెలుతురు వైపు ఎగిరి పక్క జాలీల్లో చిక్కుకుంటాయి.

1980ల మొదట్లో చెవి బిళ్ళలు వచ్చాయి. మొదటి ఏడాది మంత్రం వేసినట్టు ఈగలు మాయమయ్యాయి. అందరూ ఏడాది పొడుగునా అవే బిళ్ళలు తగిలించి ఉంచారు. నాలుగైదేళ్ళు తిరగకుండా ఆ మందుకి చావని ఈగలే మిగిలాయి. చిన్న మోతాదులో విడవకుండా మందు తగులుతుంటే బలహీనమైనవి చచ్చి, తట్టుకున్నవే పిల్లలు పెడతాయి కదా! అందుకే బిళ్ళని ఆలస్యంగా తగిలించాలి, శీతాకాలానికి ముందు తీసేయాలి, మర్నాటి ఏడు వేరే జాతి మందు వాడాలి. ముసలాయన చెప్పిన మూడు సూత్రాలివి. పేడని మట్టిలోకి దించేసే పేడపురుగుల్ని కూడా దూరదేశాలనుంచి తెచ్చి 1972లో టెక్సస్‌లో వదిలారు. పేడ పోతే ఈగకి ఊయల లేనట్టే.

అది విన్నాక నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. గొడ్డు పేడ వేయడం ఆలస్యం, తట్ట పట్టుకుని సిద్ధం. చేలో మేసే గొడ్డు పేడ కూడా ఎవరో ఒకరు ఎత్తుకుపోయేవారు. గోడమీద పిడకై ఎండిపోయిన పేడలో ఏ పురుగూ బతకదు. ఆవిడ పొయ్యి కోసం చేసింది. పదిహేను ఎకరాల్లో డజను ఆవుల పేడ ఎక్కడపడితే అక్కడ వదిలేసే ఈ దేశంలో ఆ పనికి పురుగుల్ని దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది!

ఇక మూడో ఈగ. మా తాత భయపడ్డ ఈగ.

దీన్ని ఇక్కడ స్క్రూవార్మ్ అంటారు, మరమేకులా మాంసంలోకి దిగే పురుగు. మన దేశంలోదీ దీనికి దాయాదే, జాతి వేరు, బుద్ధి ఒకటే. పుండు అంచున రెండు మూడొందల గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులో పురుగులై బతికున్న మాంసాన్ని తింటూ లోపలికి పోతాయి. పిడుదు కుట్టిన గాయం చాలు, అప్పుడే పుట్టిన దూడ బొడ్డు చాలు. దీని దగ్గర బ్రాహ్మణ్ చర్మం వణుకు కూడా పనిచేయదు. గాయపడిన తర్వాత ఏ జాతైనా ఒకటే. టెక్సస్‌లో వేసవంతా కౌబాయ్‌ల పని గుర్రమెక్కి ఒక్కొక్క పశువునీ వెతికి పట్టి, పడదోసి, పుండు కడిగి మందు పూయడమే. సినిమాల్లో తుపాకీ చూపిస్తారు కానీ, ఆ జీను సంచీలో ఉండేది మందుసీసా. 1940లలో స్మియర్ 62 అనే నల్లటి మందు వచ్చింది. మా సీతాఫలం ఆకు ముద్దకి అమెరికా అన్నయ్య.

ఎడ్వర్డ్ నిప్లింగ్ 1909లో టెక్సస్ తీరాన పోర్ట్ లవాకాలో పుట్టిన రైతుబిడ్డ. పశువుల పుండ్లు చూస్తూ పెరిగినవాడు. వ్యవసాయ శాఖలో చేరాక 1930లలో ఆయన ఒక విషయం పట్టుకున్నాడు: ఈ ఈగల్లో ఆడది జన్మకొక్కసారే జతకడుతుంది. అయితే, పనికిరాని మగఈగల్ని కోట్ల కొద్దీ వదిలితే? గుడ్లు పొదగవు, వంశం నిలవదు. సహోద్యోగి రేమండ్ బుష్‌లాండ్ ఈ పురుగుల్ని పశువు లేకుండా, మాంసం ముద్ద మీద పెంచడం నేర్చాడు. మగఈగల్ని గొడ్రాళ్ళని చేయడమెలాగో మాత్రం తెలియలేదు. ఎక్స్‌రేలు జీవుల వంశాన్ని మార్చగలవని హెర్మన్ ముల్లర్ టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉండగానే 1927లో ప్రకటించాడు. ఆ రెండు దారులూ కలవడానికి 1950 దాకా పట్టింది. శాన్ ఆంటోనియో సైనిక ఆసుపత్రిలో ఖాళీ సమయాల్లో ఎక్స్‌రే యంత్రం అడిగి తీసుకుని, బుష్‌లాండ్ ఈగల ప్యూపాల మీద ప్రయోగాలు చేశాడు. పని జరిగింది.

1954లో క్యురసావ్ దీవిలో విమానాలనుంచి గొడ్డు ఈగల్ని వదిలితే కొద్ది నెలల్లో దీవి శుభ్రపడింది. 1959కల్లా ఫ్లారిడా వైపు పోయింది. టెక్సస్ రైతులు చందాలు వేసుకుని మరీ కదిలారు. 1962లో మిషన్ ఊరి దగ్గర పాత మూర్ వైమానిక స్థావరంలో ఈగల ఫ్యాక్టరీ మొదలైంది. వారానికి కోట్ల కొద్దీ ఈగల్ని పెంచి, అట్టపెట్టెల్లో పెట్టి, ఆకాశంనుంచి జారవిడిచారు. 1966లో దేశం విముక్తమైందన్నారు. అందరూ కాస్త చేతులు దులుపుకోగానే 1972లో తిరగబెట్టి 95 వేలకి పైగా కేసులు వచ్చాయి. టెక్సస్‌లో ఆఖరి కేసు 1982లో. మెక్సికో 1991లో, ఆ తర్వాత మధ్య అమెరికా దేశాలు ఒక్కొక్కటీ, చివరికి పనామా. నిప్లింగ్, బుష్‌లాండ్‌లకి 1992లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. పనామా అడవి అంచున ఏళ్ళ తరబడి వారం వారం ఈగలు వదులుతూ కనపడని కంచె ఒకటి కాపాడుకున్నారు.

ఆ కంచె 2023లో తెగింది. 2024 నవంబరులో మెక్సికో దక్షిణాన కేసు బయటపడింది. 2025లో అమెరికా సరిహద్దు దగ్గర పశువుల రాకపోకలు ఆపేసింది. ఆ సెప్టెంబరులో సరిహద్దుకి డెబ్భై మైళ్ళ లోపున, నువేవో లియోన్‌లో, పురుగు కనిపించింది. ఆ పాత మూర్ స్థావరంలోనే మళ్ళీ ఈగల ఫ్యాక్టరీ కడతామని వ్యవసాయ శాఖ ప్రకటించింది. ఒక్క పూట కట్టు మానేస్తే ఏమవుతుందో నాకు పదకొండో ఏటే తెలుసు. దేశాలకీ అంతే కాబోలు.

ఇంతకీ అమ్మ ప్రశ్న. ఆ రాత్రే మళ్ళీ అడిగింది. వడ్డిస్తూ, నా మొహం చూడకుండా.

"అది పాల గొడ్డు కాదు కదూ?"

"కాదమ్మా. మాంసం కోసం."

చాలాసేపు మాట్లాడలేదు. కోప్పడుతుందనుకున్నాను, పాపిష్టి దేశం అంటుందనుకున్నాను. చివరికి నెమ్మదిగా అంది: "కోసుకు తినేవాళ్ళు కూడా ఈగ వాలకుండా చూసుకుంటున్నారు. మనం బొట్టుపెట్టి దండం పెట్టే..." అని ఆగిపోయింది. నాకేసి చూసింది. రాముడి సంగతి మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. "పప్పు ఇంకొంచెం వేయనా?" అంది.

ఆ వాక్యాన్ని అమ్మ పూర్తిచేయలేదు. నేనూ పూర్తిచేయలేను. ఇక్కడ ఈగని లెక్కపెట్టేది డాలరు కోసమే, అందులో ప్రేమ ఉందని నేను చెప్పను. మా తాతకి రాముడి మీద ఉన్నది ప్రేమ కాదని కూడా ఎవరూ అనలేరు. అయితే పుండుకి ప్రేమ ఎంతో తెలియదు, పొద్దునా సాయంత్రం కట్టు కట్టిందీ లేనిదే తెలుస్తుంది.

ఆ గడ్డినేలలో ఇప్పుడు అపార్టుమెంట్లున్నాయి. ముసలాయన లేడు. ఆయన ఇచ్చిన వాడేసిన చెవి బిళ్ళ ఒకటి మా గరాజులో మేకుకి వేలాడుతోంది. మందెప్పుడో అయిపోయింది. పారేయమని మా ఆవిడ ఏటా అంటుంది. నేను ఏటా మర్చిపోతుంటాను. మర్చిపోవడంలో నాది చిన్నప్పటినుంచీ అందె వేసిన చెయ్యి కదా.